రియాక్టర్ ఇంజనీరింగ్: సూత్రాలు నోటికి వచ్చినా లెక్కలు ఎందుకు రావు?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు భీమవరం దగ్గర ఒక కళాశాలలో కెమికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నారు. రసాయన చర్యలు జరిపే పాత్రలను లెక్కగట్టే రియాక్టర్ ఇంజనీరింగ్‌లో మిడ్ పరీక్షలు సూత్రాలు కంఠస్థం చేసి గట్టెక్కుతున్నారు కానీ, లెక్కను కాస్త తిప్పి ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. ఉష్ణ సమతుల్యత వచ్చే అధ్యాయాలు అసలు అర్థం కావడం లేదు. ఇది రసాయన శాస్త్రమా, గణితమా అన్న సందేహం ఉంది. చివరిగా, గేట్‌కూ (ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) ఉద్యోగానికీ ఇది ఎంతవరకు పనికివస్తుందని అడిగారు.

నేరుగా సమాధానం ఇది. సూత్రాల పట్టికను పక్కన పెట్టి, ప్రతి లెక్కనూ ఖాళీ కాగితం మీద మోల్ బ్యాలెన్స్‌తో మొదలుపెట్టండి. సెమిస్టర్‌లో ఈ సబ్జెక్టుకు మీరు ఇవ్వగల సమయంలో సగం ఉష్ణానికి ఇవ్వండి. స్థిర ఉష్ణోగ్రత వద్ద నడిచే ఆదర్శ రియాక్టర్ల మీదే కాలమంతా గడిపి, ఉష్ణానికి చివరి రెండు వారాలు మిగల్చడం మన కళాశాలలలో ఎక్కువగా కనిపిస్తుంది. అసలు పరిశ్రమలో రియాక్టర్ పక్కన నిలబడ్డ ఇంజనీరు రోజంతా చూసేది మాత్రం ఉష్ణోగ్రతనే. నేను కొంతకాలం గోదావరి జిల్లాల కర్మాగారాలలో ప్రాసెస్ విభాగంలో పనిచేసి, ఆ తరువాత ఇదే సబ్జెక్టును పాఠంగా చెబుతున్నవాడిని. కింద రాసేది ఆ రెండు వైపుల నుంచీ చూసినది.

మోల్ బ్యాలెన్స్ అంటే జమాఖర్చు. లోపలికి వచ్చినది, అందులో నుంచి బయటికి పోయినది తీసేసి, చర్య వల్ల పుట్టినది కలిపితే, లోపల నిలవలో వచ్చిన మార్పు తేలుతుంది. అన్నీ ఒకేసారి పోసి నడిపే బ్యాచ్ రియాక్టర్‌లో రాకపోకలు ఉండవు కాబట్టి మొదటి రెండు పదాలు పోతాయి. నిలకడగా నడిచే సీఎస్‌టీఆర్‌లో (ప్రవాహం వచ్చిపోతూ, లోపలంతా కలియబెట్టే తొట్టి) నిలవ మారదు కాబట్టి చివరి పదం పోతుంది. పీఎఫ్‌ఆర్‌లో (ముందూ వెనుకా కలవకుండా ప్రవాహం సాగే గొట్టపు రియాక్టర్) గొట్టంలోని ఒక పలుచని ముక్కకు ఇదే జమాఖర్చు రాసి, పొడవునా సమాకలనం చేస్తాము. పుస్తకం వెనుక కనిపించే సూత్రాలన్నీ ఈ ఒక్క వాక్యం నుంచి వచ్చినవే. అయితే వచ్చే దారిలో అవి కొన్ని షరతులను మింగేశాయి: సాంద్రత మారదు, చర్య మొదటి క్రమాంకానిది (వేగం గాఢతకు అనుపాతంలో ఉంటుంది), ప్రవేశంలో ఉత్పన్నం లేదు అన్నవి వాటిలో కొన్ని. సూత్రాన్ని మాత్రమే గుర్తు పెట్టుకున్నవారికి ఆ షరతులు కనిపించవు. లెక్కను తిప్పి ఇచ్చే అధ్యాపకుడు తిప్పేది సరిగ్గా ఆ షరతులనే.

నా తరగతిలో ఏటా ఎదురయ్యే ఉదాహరణ ఒకటి చెబుతాను. వాయు స్థితిలో ఒక మోల్ క్రియాజనకం రెండు మోళ్ల ఉత్పన్నాన్ని ఇస్తుంది, ప్రవేశంలో శుద్ధమైన క్రియాజనకం మాత్రమే ఉంది, పీడనం, ఉష్ణోగ్రత స్థిరం, చర్య మొదటి క్రమాంకానిది. సగం కన్వర్షన్ దగ్గర, అంటే క్రియాజనకంలో సగం మారినప్పుడు, గాఢత ఎంత అంటే తరగతిలో ఎక్కువమంది మొదటిదానిలో సగం అంటారు. మోళ్లు పెరిగినందువల్ల ఘనపరిమాణ ప్రవాహం ఒకటిన్నర రెట్లు అయింది కాబట్టి, గాఢత మూడో వంతుకు పడిపోతుంది. దాని ఫలితం రియాక్టర్ పరిమాణం మీద పడుతుంది. 90 శాతం కన్వర్షన్‌కు పీఎఫ్‌ఆర్‌లో వేగ స్థిరాంకాన్ని నివాస కాలంతో (రియాక్టర్ ఘనపరిమాణాన్ని ప్రవేశ ప్రవాహంతో భాగించిన కాలం) గుణించిన విలువ ద్రవ స్థితి సూత్రం ప్రకారం 2.3 దగ్గర ఆగుతుంది. నిజంగా కావలసినది సుమారు 3.7. అంటే ద్రవ సూత్రంతో కట్టిన రియాక్టర్ అవసరమైన దానికంటే బాగా చిన్నది అవుతుంది. మోల్ బ్యాలెన్స్, ఆ తరువాత వేగ సమీకరణం, ఆ తరువాత కన్వర్షన్‌తో గాఢత ఎలా మారుతుందన్న పట్టిక అనే వరుసలో రాసిన విద్యార్థికి ఈ పొరపాటు జరగదు. పట్టికలో మోళ్ల మొత్తం మారడం అతని కళ్ల ముందే కనిపిస్తుంది.

సీఎస్‌టీఆర్, పీఎఫ్‌ఆర్ల మధ్య తేడాను మీరు పుస్తకంలోని బొమ్మ కంటే మన డెల్టా నీటితో బాగా పట్టుకోగలరు. ధవళేశ్వరం దగ్గర కాలువలోకి వదిలిన నీరు ముందు వచ్చినది ముందుగా శివారు చేరుతుంది. చెరువులో పడిన కొత్త నీరు పాత నీటిలో కలిసిపోయి, కొంత వెంటనే తూము దాటుతుంది, కొంత ఎంతకాలమో నిలిచిపోతుంది. సీఎస్‌టీఆర్ ఆ చెరువు, పీఎఫ్‌ఆర్ ఆ కాలువ. సీఎస్‌టీఆర్‌లో చర్య మొత్తం బయటికి వచ్చే పలుచని గాఢత వద్దే, అంటే అతి తక్కువ వేగంతో జరుగుతుంది. మొదటి క్రమాంకపు ద్రవ చర్యకు 90 శాతం కన్వర్షన్ కావాలంటే, పైన చెప్పిన గుణకారం పీఎఫ్‌ఆర్‌కు 2.3, సీఎస్‌టీఆర్‌కు 9. పరిమాణంలో దాదాపు నాలుగు రెట్ల తేడా. 99 శాతం కావాలంటే ఒకటి 4.6, రెండవది 99. అంటే ఇరవై రెట్లకు పైగా తేడా. అదే 90 శాతానికి రెండు సమాన సీఎస్‌టీఆర్లను వరుసగా పెడితే మొత్తం 4.3కి, మూడు పెడితే 3.5 దాకా దిగుతుంది. ఈ సంఖ్యలను నా మాట మీద నమ్మవద్దు. క్యాల్‌క్యులేటర్ తీసుకొని మీరే రాబట్టండి, పావుగంట పని. వేగానికి విలోమాన్ని కన్వర్షన్‌కు ఎదురుగా గ్రాఫు కాగితం మీద చేత్తో గీయండి. సీఎస్‌టీఆర్ పరిమాణం ఒక దీర్ఘచతురస్రంగానూ, పీఎఫ్‌ఆర్ పరిమాణం వక్రం కింది వైశాల్యంగానూ కనిపించిన తరువాత ఆ అధ్యాయంలో కంఠస్థం చేయవలసినది ఏమీ మిగలదు.

దీని నుంచి పీఎఫ్‌ఆర్ ఎప్పుడూ మేలని తేల్చుకోవద్దు. ఉత్పన్నమే వేగాన్ని పెంచే స్వయం ఉత్ప్రేరక చర్యలలో మొదట వేగం పెరిగి తరువాత తగ్గుతుంది కాబట్టి వక్రం ఆకారం మారిపోతుంది. ఉష్ణం బయటికి పోకుండా నడిచే ఉష్ణమోచక (వేడి విడుదల చేసే) చర్యలలోనూ ఇదే జరగవచ్చు. పక్క చర్యలు ఉన్నచోట పరిమాణం కంటే ఏ ఉత్పన్నం ఎంత వస్తుందన్నది ముఖ్యమవుతుంది, అక్కడ కావాలనే గాఢతను తక్కువగా ఉంచవలసి రావచ్చు.

ఇక ఉష్ణం విషయానికి వస్తాను. మీకు అర్థం కాని భాగమూ, అన్నిటికంటే విలువైన భాగమూ ఇదే.

వేగ స్థిరాంకం ఉష్ణోగ్రతతో ఘాతీయంగా పెరుగుతుందని ఇంటర్మీడియట్ నుంచీ చదివారు. ఆ మాటకు ఎంత బరువు ఉందో చూడాలంటే మీ ల్యాబులోని ఇథైల్ ఎసిటేట్ సపోనిఫికేషన్ (క్షారంతో ఎస్టర్‌ను విడగొట్టే) ప్రయోగం చాలు. 25 డిగ్రీల వద్ద దాని వేగ స్థిరాంకం సెకనుకు మోల్‌కు సుమారు 0.11 లీటర్లు, ఉత్తేజన శక్తి మోల్‌కు సుమారు 48 కిలోజౌల్స్. ఏప్రిల్ నెలలో మన ల్యాబులో ద్రావణాలు 38 డిగ్రీల దగ్గర ఉంటే, స్థిరాంకం రెట్టింపు కంటే కొంచెం ఎక్కువే అవుతుంది. రెండు ద్రావణాలూ 0.1 నార్మాలిటీవి సమానంగా కలిపితే ఒక్కొక్కదాని గాఢత 0.05 అవుతుంది. అప్పుడు 25 డిగ్రీల వద్ద సగం చర్యకు మూడు నిమిషాలు పడుతుంది, 38 వద్ద ఒకటిన్నర నిమిషం కూడా పట్టదు. ఆ వేడిలో మొదటి నమూనాను ఐదు నిమిషాలకు తీస్తే నాలుగింట మూడు వంతులకు పైగా చర్య అప్పటికే ముగిసి ఉంటుంది, మీరు గీసే సరళరేఖకు మిగిలేది తోక మాత్రమే. అందువల్ల వేసవిలో ఈ ప్రయోగం చేసేవారు మొదటి రెండు నిమిషాలలోనే మూడు నాలుగు నమూనాలు తీయాలి. నమూనాను ముందుగా కొలిచి ఉంచిన అధిక హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పోసి చర్యను అక్కడికక్కడే ఆపి, మిగిలిన ఆమ్లాన్ని తీరికగా టైట్రేట్ చేయాలి. రికార్డులో ఉష్ణోగ్రత రాయకుండా వేగ స్థిరాంకం రాస్తే ఆ సంఖ్యకు అర్థం లేదు. మన విద్యార్థులు పాత రికార్డులోని విలువకు దగ్గరగా తెచ్చుకోవాలని రీడింగులు సర్దుతుంటారు. ఆ పాత రికార్డు డిసెంబరులో రాసినదై ఉండవచ్చు.

రెండవ మెట్టు, చర్య తనను తానే వేడి చేసుకోవడం. మోల్‌కు 100 కిలోజౌల్స్ విడుదల చేసే చర్య, లీటరుకు 3 మోళ్ల గాఢత, నీటి వంటి ద్రావణం, బయటికి వేడి పోయే దారి లేదు అనుకోండి. చర్య పూర్తయ్యేసరికి ఉష్ణోగ్రత సుమారు 72 డిగ్రీలు పెరుగుతుంది, అంటే 30 దగ్గర మొదలైనది మరిగే స్థితికి చేరుతుంది. అదే చర్యను లీటరుకు ఒక డిగ్రీకి 1.8 కిలోజౌల్స్ మాత్రమే తీసుకునే సేంద్రియ ద్రావణిలో జరిపితే పెరుగుదల 160 డిగ్రీలు దాటుతుంది. ఏ లెక్క ముందైనా ఈ ఒక్క సంఖ్యను వేసుకోవడం అలవాటు చేసుకోండి. ఉష్ణ సమతుల్యత అధ్యాయాన్ని చూసి మీరు భయపడటానికి కారణం ఆ పెద్ద సమీకరణం. దానిలో నిజానికి ఉన్నది మళ్లీ జమాఖర్చే: ప్రవాహం తెచ్చినది, తీసుకుపోయినది, చర్య ఇచ్చినది, పాత్ర చుట్టూ చల్లార్చే ద్రవం తిరిగే జాకెట్టు లాగేసినది. ముందు బయటికి వేడి పోని సందర్భానికి మాత్రమే లెక్కలు చేయండి, అక్కడ ఉష్ణోగ్రత, కన్వర్షన్ల మధ్య సంబంధం దాదాపు సరళరేఖ. అది చేతికి వచ్చాక జాకెట్టు పదం కలపండి.

సల్ఫర్ డయాక్సైడ్‌ను ట్రయాక్సైడ్‌గా మార్చే కన్వర్టర్ ఈ అధ్యాయానికి నేను చూసిన వాటిలో అన్నిటికంటే మంచి పాఠం. వనేడియం పెంటాక్సైడ్ ఉత్ప్రేరకం ఉన్న మొదటి పొరలోకి వాయువు సుమారు 410 నుంచి 430 డిగ్రీల వద్ద ప్రవేశిస్తుంది. అంతకంటే బాగా చల్లగా ఉంటే చర్య అందుకోదు. చర్య మోల్‌కు దాదాపు 98 కిలోజౌల్స్ విడుదల చేస్తుంది కాబట్టి, పొర దాటేసరికి వాయువు 600 డిగ్రీల ప్రాంతానికి చేరుతుంది. కన్వర్షన్ మాత్రం 60, 70 శాతం దగ్గర నిలిచిపోతుంది, ఎందుకంటే ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ సమతాస్థితి కన్వర్షన్ (పురోగామి, తిరోగామి చర్యల వేగాలు సమానమయ్యే హద్దు) పడిపోతుంది. ఎంత ఉత్ప్రేరకం పోసినా ఆ గీత దాటదు. అందుకే వాయువును చల్లార్చి రెండవ పొరకు, మళ్లీ చల్లార్చి మూడవ పొరకు పంపుతారు. మధ్యలో ట్రయాక్సైడ్‌ను ఆమ్లంలో పీల్చేసి సమతాస్థితినే ముందుకు జరిపి, చివరి పొరకు పంపితే మొత్తం కన్వర్షన్ 99.5 శాతం దాటుతుంది. సమతాస్థితి వక్రాన్ని గీసి, దాని మీద ఒక్కొక్క పొరకు ఏటవాలు గీతనూ, ఒక్కొక్క చల్లార్పుకు అడ్డగీతనూ మీరే గీయండి. వేగం, సమతాస్థితి, ఉష్ణం మూడూ ఒకే కాగితం మీదికి వస్తాయి. కాకినాడ తీరంలో అమ్మోనియా, యూరియా తయారీ గురించి చదివినప్పుడు, అమ్మోనియా కన్వర్టర్‌లో ఒక్కసారి దాటితే పావు వంతు కంటే ఎక్కువ మారకపోవడానికీ, మిగిలిన వాయువును తిప్పి పంపడానికీ కారణం ఇదే బొమ్మలో దొరుకుతుంది.

మూడవది పరిమాణం. ఒక లీటరు ఫ్లాస్కులో చల్లగా నడిచిన చర్యను అదే ఆకారం ఉన్న వెయ్యి లీటర్ల పాత్రకు తీసుకువెళితే, పుట్టే వేడి వెయ్యి రెట్లు, చల్లార్చే గోడ వంద రెట్లు మాత్రమే. లీటరుకు దొరికే గోడ పదో వంతుకు పడిపోయింది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో జాక్సన్‌విల్‌లో 2007 డిసెంబరులో టీ2 ల్యాబొరేటరీస్ అనే చిన్న సంస్థ రియాక్టర్ పేలి నలుగురు మరణించారు. చల్లార్పు విఫలమవడంతో ఉష్ణోగ్రత పెరిగి, అనుకున్న చర్యకు తోడు సోడియానికీ ద్రావణికీ మధ్య మరొక ఉష్ణమోచక చర్య అందుకున్నదని అక్కడి రసాయన ప్రమాదాల దర్యాప్తు సంస్థ తేల్చింది. కెమికల్ ఇంజనీరింగ్ పాఠ్యక్రమంలో ఈ రకం ప్రమాదాల గురించి బోధన ఉండాలని ఆ సంస్థ సిఫారసు చేసింది. మీ సిలబస్‌లో ఇది ఒక యూనిట్‌గా లేకపోయినా ఆ నివేదికను చదవండి. ఉచితంగా దొరుకుతుంది, మీరు చదివిన సమీకరణాలతోనే అర్థమవుతుంది.

నిలకడగా నడిచే సీఎస్‌టీఆర్‌లో ఉష్ణమోచక చర్యకు ఒకే ప్రవేశ పరిస్థితికి మూడు నిలకడ స్థితులు వచ్చే భాగాన్ని చాలామంది వదిలేస్తారు. వదలవద్దు. పుట్టే వేడి వంకర గీత, పోయే వేడి తిన్నని గీత, అవి కలిసే మూడు చోట్లలో మధ్యది నిలబడదు. ఎందుకు నిలబడదో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగిందనుకొని నోటితో చెప్పగలిగితే అధ్యాయం వచ్చినట్లే.

మన చుట్టూ ఉన్నవాటితో లెక్కలు తయారు చేసుకోవడం మరొక మంచి అభ్యాసం. మీరు భీమవరం వైపు వారు కాబట్టి, రొయ్యల చెరువులో రాత్రిపూట ఆక్సిజన్‌కు బ్యాలెన్స్ రాయండి. ఎకరం చెరువు, ఒకటిన్నర మీటరు లోతు అంటే సుమారు 6,000 ఘనమీటర్ల నీరు. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ తగ్గిందంటే చెరువు మొత్తంలో 6 కిలోలు పోయినట్లు. శ్వాసక్రియ గంటకు లీటరుకు అర మిల్లీగ్రాము తింటున్నదని అనుకుంటే, ఏరియేటర్లు గంటకు 3 కిలోలు ఇస్తేనే మట్టం నిలుస్తుంది. ఏరియేటర్ ఇచ్చేది కూడా స్థిరం కాదు. సంతృప్త గాఢతకూ ఉన్న గాఢతకూ గల తేడాకు అనుపాతంలో ఉంటుంది, 30 డిగ్రీల మంచినీటిలో సంతృప్తి లీటరుకు 7.5 మిల్లీగ్రాములే. దీనిని అవకలన సమీకరణంగా రాసి సాయంత్రం నుంచి తెల్లవారే దాకా సాధిస్తే, మీరు ద్రవ్య బదిలీతో కూడిన బ్యాచ్ రియాక్టర్ లెక్క ఒకటి పూర్తి చేసినట్లే.

తణుకు, చాగల్లు వంటి చోట్ల చక్కెర కర్మాగారాలను ఆనుకొని వచ్చిన డిస్టిలరీలలోని పులియబెట్టే తొట్లు కూడా ఇలాంటివే. 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి గరిష్ఠంగా 92 గ్రాముల ఇథనాలే వస్తుందని, అంటే 51 శాతమని స్టాయికియోమెట్రీ (చర్యా సమీకరణంలోని మోళ్ల నిష్పత్తి) ముందే చెబుతుంది. ఈస్టుకు 33, 34 డిగ్రీలు దాటకూడదని పెట్టుకుంటే, మన తేమ గాలిలో కూలింగ్ టవర్ నీరు తడి బల్బు ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది) కంటే దిగదు కాబట్టి, వేసవిలో చల్లార్చడానికి రెండు మూడు డిగ్రీల తేడా మాత్రమే చేతిలో ఉంటుంది. అక్కడ ఉత్పత్తి ఎంతన్నది చాలా రోజులు చర్యా వేగం మీద కాక ఉష్ణ వినిమయ వైశాల్యం మీద ఆధారపడుతుంది.

ఉత్ప్రేరక రంధ్రాలలో వ్యాపనం, నివాస కాల విభజన (ఏ భాగం ఎంతసేపు రియాక్టర్ లోపల ఉంటుందన్నది) గురించి ఇప్పుడు ఎక్కువ చెప్పను. మొదటి దానికి థీలే మాడ్యులస్ (చర్యా వేగాన్ని వ్యాపన వేగంతో పోల్చే సంఖ్య) పెద్దదైతే గుళిక లోపలి భాగం పని చేయదన్న భావన పట్టుకోండి. రెండవ దానికి ట్రేసర్ (ప్రవాహంలో గుర్తుగా వదిలే పదార్థం) ప్రయోగంలో లెక్కించిన సగటు కాలం, ఘనపరిమాణాన్ని ప్రవాహంతో భాగించిన కాలం కంటే తక్కువ వస్తే లోపల నిశ్చల ప్రాంతం ఉందని అనుమానించడం నేర్చుకోండి.

రసాయన శాస్త్రమా గణితమా అన్నదానికి సమాధానం: కావలసిన గణితం మొదటి క్రమపు అవకలన సమీకరణాలు, కొద్దిగా సమాకలనం, అంతే. ఉష్ణం కలిసిన లెక్కలు చేత్తో తెగవు కాబట్టి, స్ప్రెడ్‌షీట్‌లో చిన్న అడుగులతో సాధించడం ఇప్పుడే నేర్చుకోండి. కన్వర్షన్‌కు ఒక నిలువు వరుస, ఉష్ణోగ్రతకు ఒకటి, వేగానికి ఒకటి చాలు. అడుగును సగం చేసినప్పుడు జవాబు మారకపోతే అడుగు సరిపోయినట్లు. పైథాన్ తరువాత రావచ్చు. ఐఐటీ అధ్యాపకుల ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, కానీ వీడియో చూడటం లెక్క చేయడానికి ప్రత్యామ్నాయం కాదు. ఒక పాఠ్యపుస్తకాన్ని ఎంచుకొని దానితోనే సెమిస్టర్ గడపండి. నాలుగు పుస్తకాలలో నాలుగు రకాల గుర్తులు చూసి గందరగోళపడిన వారే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు.

గేట్‌కు ఈ సబ్జెక్టు తప్పనిసరి. సంఖ్యను నేరుగా రాయవలసిన ప్రశ్నలు ఉంటాయి కాబట్టి యూనిట్లను ప్రతి వరుసలో రాయడం అలవాటు ఉంటే మార్కులు జారిపోవు. ఉద్యోగం విషయంలో, మందుల ముడిపదార్థాలు తయారు చేసే సంస్థల ఇంటర్వ్యూలలో సూత్రం అడగడం అరుదు. చల్లార్చే నీరు ఆగిపోతే ఏం చేస్తారని అడుగుతారు. సెమీబ్యాచ్ (ఒక పదార్థాన్ని కొద్దికొద్దిగా పోస్తూ నడిపేది) అయితే ఫీడ్, అంటే పోయడం, ఆపుతానని చెప్పవచ్చు, కానీ అప్పటిదాకా పోసినది చర్య పొందకుండా లోపల పేరుకొని ఉంటే ఫీడ్ ఆపినా వేడి ఆగదు. ఉష్ణోగ్రతను మరీ తక్కువగా ఉంచి పోస్తే సరిగ్గా అలాగే పేరుకుంటుంది. బ్యాచ్‌లో అయితే మొత్తం పదార్థం మొదటి నుంచీ లోపలే ఉంటుంది కాబట్టి ఆపడానికి ఫీడ్ అంటూ ఉండదు. అత్యవసర చల్లార్పు, చర్యను ఆపే పదార్థం, పీడనం వదిలే ఏర్పాటు ముందే ఉండి తీరాలి. ఈ జవాబును కారణాలతో సహా చెప్పగలిగే స్థాయికి చేరడానికి పైన చెప్పిన ఉష్ణ అధ్యాయాలు సరిపోతాయి.